యేసు దైవత్వం: ఖమ్మం నుంచి భద్రాచలం మన్యం దాకా

నజరేతులో పెరిగిన యేసు నిజంగా దేవుడు, నిజంగా మనిషి అని నమ్మడం క్రైస్తవ మతానికి పునాది. దేవుడు పంపిన ప్రవక్త అనో, దైవానుగ్రహం పొందిన మహాత్ముడు అనో చెప్పి ఊరుకుంటే క్రైస్తవ సంఘాలకు సరిపోదు. ఆయన సృష్టికి ముందే ఉన్నవాడు, తండ్రితో సమానుడు. అదే సమయంలో ఆకలికి, అలసటకు, చావుకు లోబడినవాడు. ఈ రెండింటిలో దేన్ని వదులుకున్నా విశ్వాసం చెడుతుందని ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్) నుంచి సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల దాకా అన్నీ ఒప్పుకుంటాయి.

ఖమ్మం మైదానానికీ భద్రాచలం అడవికీ మధ్య ఈ సిద్ధాంతానికి ఎదురైన ప్రశ్న కాస్త వేరు. గ్రీకు, రోమన్ లోకంలో చదువుకున్నవాళ్లు "సిలువ మీద చచ్చినవాడు దేవుడెలా అవుతాడు?" అని అడిగారు. ఇక్కడ దేవుడు మనిషిగా రావడం వింత కాదు, మనిషి వేల్పు కావడమూ వింత కాదు. రాముడు వనవాసం చేశాడని చెప్పే పర్ణశాల ఈ అడవిలోనే ఉంది, కోయల వేల్పు సమ్మక్క వెలసిన గుట్ట పక్క జిల్లాలోనే ఉంది. యేసును దేవుడు అంటే ఇక్కడ పెద్దగా ఎవరూ అభ్యంతరపెట్టరు. చాలా ఇళ్లలో ఆయన పటం మిగతా పటాల పక్కన చేరిపోగలదు. పేచీ అంతా ఆయన ఏ తీరు దేవుడన్న దగ్గర, ఆయన ఒక్కడే దేవుడన్న దగ్గర వస్తుంది.

నేల, పాలన

ఈ ప్రాంతం చాలాసార్లు చేతులు మారింది. ఖమ్మం, దోర్నకల్ నిజాం రాజ్యంలో ఉండేవి. గోదావరి ఎడమ గట్టున ఉన్న భద్రాచలం, రేకపల్లి తాలూకాలను నిజాం 1860లో బ్రిటిష్ వారికి అప్పగించాడు. అవి కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు వచ్చాయి. 1959లో భద్రాచలం ప్రాంతాన్ని తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మార్చారు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. క్రైస్తవ మిషన్ల చరిత్రకు ఇందులో ముఖ్యమైనది 1860 నాటి హద్దు. నది ఒక గట్టున బ్రిటిష్ ఇంజనీర్లు, రెండో గట్టున నిజాం సర్కారు. అందువల్ల ఇక్కడికి సువార్త రెండు దారుల్లో, దాదాపు నలభై ఏళ్ల తేడాతో వచ్చింది.

సిద్ధాంతం రూపుదిద్దుకున్న తీరు

యేసు శిష్యులు యూదులు. దేవుడు ఒక్కడేనని రోజూ పలికే జాతికి చెందినవాళ్లు. అలాంటివాళ్లు ఒక మనిషికి మొక్కడం మొదలుపెట్టడమే ఈ చరిత్రలో పెద్ద మలుపు. సువార్తలకన్నా ముందే రాసిన పౌలు పత్రికల్లోనే ఆ మొక్కు కనిపిస్తుంది. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో క్రీస్తు దైవరూపంలో ఉండి కూడా తన్ను తాను రిక్తుడిగా చేసుకుని, దాసుడి రూపం ధరించి, సిలువ దాకా దిగాడని ఉంది. యోహాను సువార్త దేవుని వాక్కే శరీరం ధరించిందని మొదలై, చివర్లో అనుమానం మానిన తోమా నోట యేసును దేవుడని పలికిస్తుంది. మరోపక్క మార్కు సువార్తలో యేసు, లోకాంతం ఏ రోజో కుమారుడికి కూడా తెలియదని అంటాడు. యోహానులోనే తండ్రి తనకంటే గొప్పవాడని అంటాడు. తర్వాతి వాదాలన్నీ ఈ రెండు రకాల మాటలను పక్కపక్కన పెట్టుకుని చేసినవే.

బయటి సాక్ష్యాలూ ఉన్నాయి. 112 ప్రాంతంలో బిథునియ గవర్నరు ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన లేఖలో, క్రైస్తవులు తెల్లవారుజామున కూడి క్రీస్తును దేవుడిలా భావించి పాట పాడతారని తెలిపాడు. 2005లో ఇజ్రాయెల్‌లోని మెగిద్దో జైలు ఆవరణలో 3వ శతాబ్దపు ప్రార్థన మందిరం నేల బయటపడింది. చిన్న రంగురాళ్లు పొదిగిన ఆ నేల మీద, అకెప్తూస్ అనే స్త్రీ దేవుడైన యేసు క్రీస్తు జ్ఞాపకార్థం బల్ల సమర్పించిందని గ్రీకులో రాసి ఉంది. యేసు దేవుడా కాదా అని 325లో నైసియా సభలో బిషప్పులు ఓట్లు వేసి తేల్చారన్న మాట నవలల పుణ్యమా అని బాగా ప్రచారంలో ఉంది. నైసియా సభకు దశాబ్దాల ముందే వేసిన ఈ నేల చూస్తే అది నిలబడదు.

నైసియాలో తగువు మరొకటి. అలెగ్జాండ్రియా గురువు అరియస్ కూడా యేసును దేవుడనే పిలిచాడు. అయితే కుమారుడు తండ్రి చేసిన మొదటి సృష్టి అనీ, ఆయన లేని కాలం ఒకటి ఉందనీ వాదించాడు. అంటే కుమారుడు రెండో స్థాయి దేవుడు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి పిలిపించిన ఆ సభ, కుమారుడు సృష్టి పొందినవాడు కాడనీ, తండ్రితో ఏకతత్త్వం గలవాడనీ ప్రకటించింది. తర్వాత అలెగ్జాండ్రియా బిషప్పైన అథనేసియస్ దాన్ని జీవితాంతం సమర్థించి, ఐదుసార్లు ప్రవాసం వెళ్లాడు. ఆయన వాదన సారం ఇది: మనిషిని రక్షించే పని దేవుడొక్కడిదే. రక్షించేవాడు స్వయంగా సృష్టిలో ఒకడైతే తనకే మరొకరు కావాలి. 381 కాన్‌స్టాంటినోపుల్ సభ ఆ ప్రమాణాన్ని విస్తరించి ఖాయం చేసింది. 451 కల్కెదోను సభ క్రీస్తు ఒకే వ్యక్తి, రెండు స్వభావాలు గలవాడనీ, అవి కలగలిసిపోవనీ, విడిపోవనీ నిర్ణయించింది. కేరళలోని మలంకర ఆర్థొడాక్స్ సంఘం ఈ చివరి సూత్రాన్ని ఇప్పటికీ అంగీకరించదు. తెలుగు నేలకు వచ్చిన కేథలిక్, ఆంగ్లికన్, లూథరన్ మిషన్లన్నీ దీన్ని వెంట తెచ్చుకున్నవే.

దుమ్ముగూడెం, దోర్నకల్

ఆర్థర్ కాటన్ ఊహించిన ఎగువ గోదావరి పడవ మార్గం కోసం దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. ఆ పథకాన్ని 1871లో వదిలేశారు. ఆ మార్గం పూర్తి కాలేదు గానీ ఆ పనుల చుట్టూనే ఒక మిషన్ పుట్టింది. పనులు చూసే సైనిక ఇంజనీరు హెయిగ్, ఆయన వల్ల క్రైస్తవుడైన ఇంజరం వెంకటరామరాజు కలిసి 1860ల తొలి ఏళ్లలో కోయగూడేల్లో బోధ ప్రారంభించారు. రాజు సర్కారు కొలువు వదిలి అందులోనే స్థిరపడ్డాడు. 1841 నుంచి మచిలీపట్నంలో పనిచేస్తున్న చర్చి మిషనరీ సొసైటీ తర్వాత దాన్ని చేపట్టింది. మన్యంలో తొలి బోధకుల్లో ఒకరు తెలుగువాడు కావడం మిషన్ చరిత్రలు పక్కకు నెట్టే విషయం. చెప్పేటప్పుడు దాన్నే ముందు పెట్టాలి. రాజు వెనుక వచ్చిన మిషనరీ జాన్ కెయిన్ దుమ్ముగూడెంలో దశాబ్దాలు ఉండి, 1876 నుంచి 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, కోయల ఆచారాల గురించి వ్యాసాలు రాశాడు. కోయ భాషలోకి బైబిలు భాగాలు అనువదించే పనీ చేశాడు.

రెండో దారి నిజాం వైపు నుంచి. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో స్థాపించుకున్న ఇండియన్ మిషనరీ సొసైటీ దోర్నకల్ ప్రాంతాన్ని తమ పనికి ఎంచుకుంది. ఆ సంఘ స్థాపకుల్లో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పు ఆయనే. 1945 జనవరి 1న చనిపోయేదాకా దోర్నకల్ డయోసిస్‌ను నడిపాడు. సంఘంలో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్లు. 1947 సెప్టెంబరు 27న ఈ డయోసిస్ దక్షిణ ఇండియా సంఘంలో భాగమైంది. కేథలిక్కుల వైపు వరంగల్ మేత్రాసనం 1952లో, దాని నుంచి ఖమ్మం మేత్రాసనం 1988లో ఏర్పడ్డాయి.

దోర్నకల్‌లో అజరయ్య కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ ఈ సిద్ధాంతానికి రాతిలో రాసిన వ్యాఖ్యానం. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఆ తేదీ కావాలని పెట్టుకున్నది. దేవుడు పసిబిడ్డగా అన్యజనులకు కనబడ్డాడనీ, తూర్పుదేశపు జ్ఞానులు వచ్చి ఆ బిడ్డకు మొక్కారనీ స్మరించే పండుగ అది. లోపలి రాతి స్తంభాల వరుసలు గుడి మండపాన్ని, పైన గుమ్మటాలు మసీదును తలపిస్తాయి. తామరపువ్వు మీద సిలువ నిలిపి ఉంటుంది. హిందూ భక్తులు, నిజాం సర్కారు ఉన్న ఊళ్లో కొత్తగా చేరిన దళిత క్రైస్తవుడికి, నీ దేవుడు పరాయి దేశంవాడు కాడని చెప్పే కట్టడం ఇది. అయితే లోపల చెప్పే మాట మాత్రం రాజీ లేనిది. తామర నేలది, సిలువ ఆ నేలకు కొత్తది.

రాముడు, సమ్మక్క, యేసు

భద్రాచలం మూలవిరాట్టుకు నాలుగు చేతులు. శంఖచక్రాలు, ధనుర్బాణాలు ధరించి, సీతను ఒడిలో కూర్చోబెట్టుకున్న వైకుంఠ రాముడు. రామావతారం ముగిశాక భద్రుడి తపస్సుకు మెచ్చి విష్ణువు మళ్లీ రాముడిగా వచ్చాడని స్థలపురాణం. పుట్టలో ఉన్న విగ్రహాలను పోకల దమ్మక్క అనే అడవి బిడ్డ కనుగొన్నదనీ, 17వ శతాబ్దంలో తానీషా కొలువులో ఉన్న కంచర్ల గోపన్న గుడి కట్టాడనీ చెబుతారు. ఇక్కడ దైవత్వం కంటికి కనబడుతుంది: చేతులు నాలుగు. అదే ప్రాంతంలోని పర్ణశాలలో మాత్రం వనవాసం చేసిన మానవ రాముడిని తలుచుకుంటారు. వాల్మీకి రామాయణం యుద్ధకాండలో సీత అగ్నిలో ప్రవేశించాక దేవతలు రాముడికి ఆయన దైవత్వాన్ని గుర్తుచేస్తారు. ఆయనేమో తాను దశరథుడి కొడుకైన మనిషినే అనుకుంటున్నానని జవాబిస్తాడు. దేవుడు మనిషైనప్పుడు తన్ను తాను ఎంతవరకు ఎరుగుతాడన్న ప్రశ్న, మార్కు సువార్తలో ఆ రోజు తనకు తెలియదన్న యేసు మాటను పట్టుకుని క్రైస్తవ పండితులు తలలు పట్టుకున్న ప్రశ్నే.

అయినా రెండు విశ్వాసాలూ ఒక చోట విడిపోతాయి. రామానుజుల సంప్రదాయంలో అవతారం మాయ కాదు, నిజం. కానీ ఆ దేహం కర్మ వల్ల వచ్చిన ప్రాకృత దేహం కాదు. క్రైస్తవ సంఘం దీనికి ఎదురుగా, యేసు దేహం మన దేహంలాంటిదే అని పట్టుబడుతుంది. 2వ శతాబ్దపు తొలినాళ్లలోనే అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్, యేసు బాధపడినట్టు కనిపించాడే తప్ప నిజంగా బాధపడలేదని చెప్పేవాళ్ల మీద విరుచుకుపడ్డాడు. అవతారాలు అవసరాన్నిబట్టి మళ్లీ మళ్లీ వస్తాయి, పని ముగిశాక పరమపదానికి మరలుతాయి. యేసు ఒక్కసారే వచ్చాడనీ, ధరించిన మానవత్వాన్ని మళ్లీ విడిచిపెట్టలేదనీ క్రైస్తవం అంటుంది. ఆయన దైవత్వానికి గుర్తుగా అదనపు చేతులు లేవు. తోమా చూసి నమ్మినది మేకుల గాయాలను.

కోయల వేల్పుల దారి దీనికి తలకిందులు. మేడారం కథలో సమ్మక్క కోయదొరలకు అడవిలో దొరికిన బిడ్డ. కాకతీయ సేనతో పోరాడి, గాయపడి, చిలుకలగుట్ట వైపు వెళ్లి మాయమైంది. వెతికినవాళ్లకు కుంకుమ భరణి దొరికింది. విగ్రహం లేదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో వడ్డెలు ఆ భరణిని గుట్ట దిగి గద్దెకు తెస్తారు, జనం బెల్లాన్ని బంగారమని పిలిచి సమర్పిస్తారు. ఇక్కడ మనిషి తన తెగ కోసం పోరాడి వేల్పయింది. భద్రాచలం అడవి కోయలకూ ఈ కథ తమదే. యేసు గురించి వినే కోయవాడికి ఇది బాగా దగ్గరి పోలిక: మనవాళ్ల కోసం నెత్తురు కార్చినవాడు, చనిపోయాక కూడా ఆదుకునేవాడు. బోధకుడికి చిక్కు అక్కడే. ఆ పోలికను అలాగే వదిలేస్తే యేసు మంచి మనిషై దేవుడిగా ఎదిగినవాడవుతాడు. 3వ శతాబ్దంలో అంతియొకయలో సమోసతకు చెందిన పౌలు ఇలాంటి బోధే చేశాడని సంఘం 268లో అతన్ని తొలగించింది. అంటే గ్రీకు పట్టణాల్లో సంఘం ఇటూ అటూ కంచె వేసుకున్న రెండు దారులూ ఈ అడవిలో రెండు పూజాస్థలాలుగా ఎదురెదురుగా ఉన్నాయి. వాటిలో ఏదో ఒకదాని పోలిక తీసుకోకుండా ఇక్కడ ఎవరూ యేసు గురించి చెప్పలేరు, ఆ పోలికలో ఆగిపోతే క్రైస్తవులూ ఒప్పుకోరు.

చెంచయ్య, చక్కరై, గాంధీ

ఈ చిక్కును చదువుకున్న తెలుగు క్రైస్తవుల్లో గట్టిగా పట్టుకున్నవాడు పండిపెద్ది చెంచయ్య. 1886లో నెల్లూరులో పుట్టి, న్యాయవాదిగా, పుదుక్కోట్టై ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి 1959లో చనిపోయాడు. సభలు చేసిన ప్రమాణాలు పశ్చిమ దేశాల తత్త్వశాస్త్రపు బట్టలనీ, భారతీయుడు నేరుగా క్రీస్తును ఎదుర్కోవాలనీ ఆయన వాదం. ఆయన దృష్టిలో యేసు పాత మానవుడికి దేవుడు చేసిన మరమ్మతు కాదు, సృష్టిలో కొత్తగా మొదలైన ఒక మానవజాతి. ఆయన బంధువు, మద్రాసుకు చెందిన వెంగల్ చక్కరై అవతారమన్న పదాన్నే తీసుకుని పుస్తకం రాశాడు. క్రీస్తు అవతారం ముగిసేది కాదనీ, విశ్వాసి హృదయంలో ఇంకా కొనసాగుతోందనీ దాని సారం. 1938 తాంబరం ప్రపంచ మిషనరీ సభ ముందు వీళ్లూ మిత్రులూ కలిసి వెలువరించిన సంపుటం పెద్ద దుమారమే లేపింది. నా అంచనాలో ఇద్దరిలో చెంచయ్యదే లోతైన ఆలోచన, కానీ పల్లె సంఘం దాకా చేరింది చక్కరై తరహా మాటే.

గాంధీ అభ్యంతరం ఇంకో వైపు నుంచి. యేసు ఒక్కడే దేవుడి కుమారుడన్న మాట తనకు మింగుడుపడలేదని ఆత్మకథలో రాసుకున్నాడు. దేవుడికి కొడుకులుంటే మనమంతా కొడుకులమే అన్నది ఆయన వైఖరి. 1930ల్లో దోర్నకల్ ప్రాంతపు సామూహిక మతమార్పిడుల మీద ఆయనకూ అజరయ్యకూ నడిచిన వివాదాన్ని సాధారణంగా కుల రాజకీయంగా చదువుతారు. అది నిజమే గానీ సగమే. యేసు పదిమందిలో ఒకడైతే మతం మారమనడం దౌర్జన్యం. ఆయన ఒక్కడే రక్షకుడైతే చెప్పకపోవడం ద్రోహం. అజరయ్య నిలబడింది ఈ రెండో మాట మీద.

ఆ మాటకు కట్టే మూల్యం అందరికీ ఒకటి కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాల, మాదిగ షెడ్యూల్డ్ కులాల హోదా కోల్పోయి బీసీ-సీలోకి వెళ్తాడు. క్రైస్తవుడైన కోయకు షెడ్యూల్డ్ తెగ హోదా ఉంటుంది. అందువల్ల యేసు దేవుడన్న ఒకే ఒప్పుకోలు మైదానంలో ఒక లెక్కన, అడవిలో మరో లెక్కన కాగితాలకెక్కుతుంది.

ఆరాధనలో

సిద్ధాంతం పుస్తకాల్లో ఉంటుంది, విశ్వాసం ప్రార్థనలో ఉంటుంది. తెలుగు ప్రార్థన తండ్రిని పిలిచి మొదలవుతుంది, మధ్యలో "యేసయ్యా" అని మారుతుంది, యేసు నామంలో అడిగి వేడుకుంటున్నాము తండ్రీ అని ముగుస్తుంది. నైసియా సభ కష్టపడి చెప్పిన సంగతి ఇందులో ఎవరికీ తెలియకుండానే ఉంది: మొక్కదగినవాడు, మొక్కు మోసుకెళ్లేవాడు కూడా ఆయనే.

గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు జరుగుతాయి. చాలా సంఘాల్లో ఒక్కో మాట ఒక్కొక్కరికి పంచుతారు. పాస్టరుగారు, పెద్దలు, స్త్రీల సమాజం, యూత్ తలా ఒకటి. మొదటి మూడు మాటలు సులువు: క్షమాపణ, దొంగకు వాగ్దానం, తల్లిని అప్పగించడం. నాలుగోది దొరికినవాడికి చెమటలు పడతాయి. దేవుడు తనను విడిచిపెట్టాడని యేసు వేసిన కేక అది. దేవుడు దేవుణ్ని విడిచిపెట్టడమేంటి? లోక పాపం మీద పడినందువల్ల అని ఎక్కువమంది చెప్పి దాటిపోతారు. రోము బిషప్పు లియో 449లో రాసిన లేఖ నుంచి కల్కెదోను సభ తీసుకున్న సూత్రం, ఆకలీ దాహమూ మానవ స్వభావానికి, అద్భుతాలు దైవ స్వభావానికి చెందుతాయనీ, రెండూ అనుభవించింది మాత్రం ఒక్కడేననీ అంటుంది. ఐదో మాట దాహం గురించి. కొత్తగూడెం చుట్టుపక్కల ఏప్రిల్ ఎండలో, రేకుల షెడ్డు కింద ఉపవాసంతో కూర్చున్నవాళ్లకు ఆ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

క్రిస్మస్ నక్షత్రాలు వేలాడే గూడేల్లో చదువు రాని విశ్వాసికి యేసు దేవుడని నమ్మకం కుదిరేది ఎక్కువగా జబ్బు నయమైన ప్రార్థనతో. జ్వరానికో, దయ్యానికో నూనె రాసి ప్రార్థిస్తారు, తగ్గితే సాక్ష్యం చెబుతారు. ఇందులో ప్రమాదం ఉందని సంఘ పెద్దలే అంటారు. తగ్గకపోతే పాత వేల్పు దగ్గరికి తిరిగిపోయే దారి తెరిచే ఉంటుంది. బలంతో రుజువైన దేవుడు మరో బలం ముందు ఓడిపోగలడు. ఆర్‌సీఎం గుళ్లలో రుజువు వేరేలా ఉంటుంది. గురువు ఆశీర్వదించిన అప్పంలో క్రీస్తు స్వయంగా ఉన్నాడని నమ్మి దివ్యసత్ప్రసాదం ముందు మోకరిస్తారు. స్వతంత్ర సంఘాల్లో ప్రభువు బల్ల జ్ఞాపకార్థమే.

ఒప్పుకోనివాళ్లు

ముస్లింలకు ఈసా కన్య కడుపున పుట్టిన ప్రవక్త, మసీహా, మళ్లీ వచ్చేవాడు. దేవుడి కొడుకు మాత్రం కాడు. ఇంటింటికీ తిరిగి 'కావలికోట' పంచే యెహోవాసాక్షులు యేసును దేవుడి మొదటి సృష్టిగా, ప్రధానదూత మిఖాయేలుగా భావిస్తారు. దాదాపు అరియస్ వైపు నిలబడ్డవాళ్లు. వాళ్లను ఖమ్మం పాస్టర్లు క్రైస్తవుల్లో లెక్కపెట్టరు. 1910ల్లో అమెరికాలో పుట్టిన ఏకత్వ పెంతెకొస్తువాదం దీనికి పూర్తిగా ఎదురు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనేవి ముగ్గురు కాదనీ, యేసు ఒక్కడే ఆ మూడు విధాలుగా ప్రత్యక్షమయ్యాడనీ అంటుంది. అందుకే యేసు నామంలోనే బాప్తిస్మం ఇస్తుంది, త్రిత్వ నామంలో తీసుకున్నవాళ్లకు మళ్లీ ఇస్తుంది. ఒక ఊళ్లో రెండు రకాల పెంతెకొస్తు సంఘాలుంటే చెరువు దగ్గర వాదన దీని మీదే.

2025తో నైసియా సభకు 1700 ఏళ్లు నిండాయి. సీఎస్‌ఐ, కేథలిక్ ఆరాధనల్లో ఆ విశ్వాస ప్రమాణం నిలబడి పలుకుతారు. భద్రాచలం దాటి చర్ల, వెంకటాపురం వైపు పెరిగిన స్వతంత్ర ప్రార్థన మందిరాల్లో దాన్ని పలికే అలవాటు సాధారణంగా లేదు. బాప్తిస్మం ముందు నీళ్లలో నిలబెట్టి, యేసు దేవుని కుమారుడని నమ్ముతున్నావా అని అడిగి, ఔనంటేనే ముంచుతారు.